నాలుగు వేళ్ళ ఎత్తున చెంగల్రాయులు మామ

ఇది ఒక మహేతిహాసం. ఇందులో గజరాజులా మోకరిల్లే వాహనం ఉంది. సప్తగిరులున్నాయి. వరసిద్ధి వినాయకుడి సన్నిధిలో సత్యప్రమాణం ఉంది. కంటికి కనిపించని వాయువుతో జీవితాంతం సహవాసం చేసిన ఒక మహాపురుషుడున్నాడు.

ఇంతవరకు రాసి మా మునిరత్నం అత్తకు చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "బాగుండాది గానీ, ఎవురి గురించిరా ఇది?" అని అడిగింది.

"మామ గురించే అత్తా."

"మీ మామ మహాపురుషుడా? ఆ మనిషిని స్నానానికి లేపేదానికి నేను రోజూ గొంతు చించుకుంటా ఉన్నింది ఎవురికోసరం మరి?"

కాబట్టి ఇది ఇతిహాసం కాదు. ఐరాలలో మా పక్కింట్లో ఉండిన మా అమ్మ తమ్ముడు, రిటైరైన బస్సు డ్రైవరు చెంగల్రాయులు మామ, ఒక ముసలి కారును గాలి మీద నిలబెట్టడానికి పడిన పాట్ల కథ. ఆయనతో పనిచేసిన డ్రైవర్లు సంస్మరణ సంచిక వేస్తూ, "నువ్వు నవ్విస్తావు గదా, నువ్వే రాయి" అన్నారు. నవ్వించేవాడు ఏడవకుండా రాయగలడని వాళ్ళ ధైర్యం. ప్రయత్నిస్తాను.

ఆయన నిర్యాణవార్త విని దిగ్భ్రాంతికి లోనయ్యానని రాయడం ఈ వ్యాసాల మర్యాద. నేనూ లోనయ్యాను. అయితే ఆ వార్త నాకు ప్రహరీగోడ మీదుగా వచ్చింది. మామకు ఒక అలవాటుండేది. పొద్దున్నే కారు స్టార్ట్ చేసి, కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా అరుగు మీద కూర్చునేవాడు. రాత్రంతా గాలి కారి వెనక భాగం నేలకు వాలిపోయిన బండి, గాలి నింపే కంప్రెసరు గుర్రుమంటూ ఉంటే మెల్లమెల్లగా పైకి లేచేది. అది లేవడం ఆయన చూసేవాడు. ఆ రోజు కంప్రెసరు చప్పుడు ఆగింది. బండి లేచి నిలబడింది. మామ మాత్రం గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అత్త కేక విని నేను గోడ దూకాను. గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

కథల్లో ఎవరైనా ఇలా రాస్తే, 'మరీ ఇంత చక్కగా కుదురుతుందా' అని ముందుగా ఎగతాళి చేసేది నేనే. కానీ అది అలాగే జరిగింది. ఇంజను నేనే ఆపాను. తాళం చెవి ఇంకా నా దగ్గరే ఉంది.

మామ ఉద్యోగమంతా తిరుమల ఘాట్ రోడ్డు మీద గడిచింది. గాలి బ్రేకుల బస్సు, నిండా గోవింద నామాలు, ఒకవైపు కొండ, మరోవైపు లోయ. భక్తులు స్వామిని నమ్ముకుని కళ్ళు మూసుకుంటే మామ గాలిని నమ్ముకుని కళ్ళు తెరుచుకుని ఉండేవాడు. ఆయన తరచూ అనే మాట ఒకటుంది: "కనపడనిదాన్ని నమ్మినావంటే దాన్ని రోజూ సూసుకోవల్ల." ఇది వేదాంతమా అని ఒకసారి అడిగాను. "కాదురా, ప్రెజర్ మీటరు" అన్నాడు.

ఆ కారు ఆయనకు అలిపిరి దగ్గర దొరికింది. ఎవరో చెన్నై ఆసామి దర్శనానికి వచ్చి, కిందికి దిగి చూస్తే బండి నాలుగు మూలలా చతికిలబడి ఉందట. బాగుచేయించే ఓపిక లేక ఆయన దాన్ని ఒక షెడ్డులో వదిలేశాడు. పొడుగాటి విదేశీ వ్యాగన్. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. కాబట్టి నాలుగు చక్రాలూ లాగుతాయి, పెట్రోలు కూడా నాలుగు నోళ్ళతో తాగుతుంది. అన్నింటికన్నా పెద్ద విశేషం, దానికి మామూలు కార్లలాగా ఇనుప స్ప్రింగులు లేవు. ప్రతి చక్రం దగ్గరా ఒక రబ్బరు బెలూన్. ఆ నాలుగు బెలూన్లలోని గాలి మీదే మొత్తం బండి కూర్చుంటుంది. రబ్బరు ముసలిదయ్యేకొద్దీ పగుళ్ళిస్తుంది, గాలి కారుతుంది, బండి కుంగుతుంది. ఇలాంటి బండిని రిటైరయ్యాక తుక్కు ధరకు కొనుక్కొచ్చిన మనిషిని లోకం ఏమనాలో అదే అంది. మా అమ్మ అయితే ఇంకో రెండు మాటలు కలిపి అంది.

కానీ అది సరదాకు కొన్న బండి కాదు. మా అత్త వెన్ను దెబ్బతింది. గచ్చు మీద జారిపడి, ఆపరేషన్ జరిగి, కూర్చోవడానికీ పడుకోవడానికీ వేరువేరు యుద్ధాలు చేసే దశలో ఉండేది. వైద్యానికి తిరుపతి వెళ్ళక తప్పదు. ఆటో ఎక్కిస్తే పాకాల రాకముందే వద్దని ఏడ్చేది. అద్దె కార్లలో పళ్ళు బిగబట్టుకునేది. ఒక దశలో, "నేను రాను, ఈడనే సస్తా" అని మంచం పట్టీ పట్టుకుంది. మామ ఆ బండిని అంతో ఇంతో నిలబెట్టి మొదటిసారి ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. చంద్రగిరి దగ్గర అద్దంలో చూస్తే అత్త నిద్రపోతోంది.

దెబ్బ తగిలినప్పటి నుంచి ఆమె ప్రయాణంలో కాదుకదా, ఇంట్లో కూడా అలా నిద్రపోయింది లేదు. మామ ఆస్పత్రి గేటు చూశాడు, అద్దం చూశాడు, గేటు దాటి వెళ్ళిపోయాడు. రేణిగుంట దాకా పోయి వెనక్కి తిరిగితే ఇంకా నిద్రే. మళ్ళీ పోయాడు. డాక్టరు వెళ్ళిపోయాక ఆస్పత్రికి చేరారు. లేచిన అత్త సంగతి తెలిసి, "వైద్యానికని పిలుచుకొచ్చి ఊరు తిప్పుతావా మనిషీ!" అని అరిచిందట. "వైద్యం అయిపోయిందిలే" అన్నాడట మామ.

ఆ రోజు నుంచి లెక్క తేలిపోయింది. బండి గాలి మీద ఉన్నంతకాలం అత్త గడప దాటగలదు. లేకపోతే లేదు.

ఇక్కడే లోకంతో ఆయనకు వైరం మొదలైంది. కనిపించిన ప్రతివాడూ ఒకటే సలహా: ఆ బెలూన్లు పీకేసి స్ప్రింగులు వేసెయ్, పీడ పోతుంది. సలహా మంచిదే. చాలామంది అలాగే చేస్తారు. కానీ స్ప్రింగులు వేస్తే బండి గట్టిబడుతుంది, ప్రతి గుంతా వెన్నుకు తగులుతుంది. ఇదంతా మామ ఎవరికీ చెప్పేవాడు కాదు. భార్య వెన్ను గురించి బజారులో మాట్లాడటం ఆయనకు నచ్చదు. "స్ప్రింగులు చప్పుడు చేస్తాయప్పా" అని ఊరుకునేవాడు. కంప్రెసరు గుర్రు పక్కవీధికి వినిపించే బండి యజమాని ఈ మాట అనడం నేను స్వయంగా విన్నాను.

బండి ఆరోగ్యం చూడటానికి ఆయనకొక పద్ధతి ఉండేది. చక్రానికీ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య సందులో చెయ్యి పెట్టి వేళ్ళతో కొలిచేవాడు. నాలుగు వేళ్ళు పడితే క్షేమం. రెండే పడితే జ్వరం. ఒకటీ పట్టకపోతే ఆ పూట ప్రయాణం లేదు, ఎందుకంటే గాలి లేని బెలూన్ మీద బండి నడిపితే రబ్బరు మడతపడి చిరుగుతుంది. ఇక గాలి ఎక్కడ కారుతుందో కనిపెట్టడానికి ఆయన వాడింది కుంకుడు రసం. అత్త తలంటుకోవడానికి పిసికి పెట్టుకున్న రసాన్ని గిన్నెతో సహా ఎత్తుకుపోయి పైపుల మీద, నట్ల మీద పోసేవాడు. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ లీకు. తడి జుట్టుతో అత్త వాకిట్లోకి వచ్చి తిట్టడం, బండి కింద నుంచి మామ, "గాలి అబద్ధం చెప్పదే, రవ్వంత ఓర్సుకో" అనడం మా వీధిలో ఆదివారం కార్యక్రమం.

ఇక సత్యప్రమాణం.

ముందు కుడివైపు బెలూన్ మార్చింది చిత్తూరు మెకానిక్ ఖాదర్ అన్న. మార్చిన కొద్దిరోజులకే ఆ మూల మళ్ళీ కుంగడం మొదలైంది. మామ అనుమానం ఖాదరన్న బిగించిన నట్టు మీద. షెడ్డు ముందు ఇద్దరూ తగులుకున్నారు.

"నేను బిగించినాను చెంగల్రాయులన్నా."

"బిగిస్తే గాలి యాడికి పోతా ఉండాది? మీ అత్తగారింటికా?"

"నా చేత్తో బిగించినా. అల్లా తోడు."

"తోడు నీకుండాడు. నాకు సాక్షి కావల్ల. కాణిపాకం వస్తావా?"

ఖాదరన్న చేతిలోని స్పానరు కింద పెట్టేశాడు. "పా. ఎవురికి భయం?"

కాణిపాకం వినాయకుడి ముందు తలమీద నీళ్ళు పోసుకుని, తడిగుడ్డలతో అబద్ధ ప్రమాణం చేసినవాడు బాగుపడడని మా ప్రాంతంలో అందరి నమ్మకం. గట్టు తగాదాలు, దొంగతనం నిందలు అక్కడ తేలుతుంటాయి. ఎయిర్ సస్పెన్షన్ తగాదా అక్కడికి వెళ్ళడం బహుశా అదే మొదలు. వేరే బండి లేక, తగాదాకు మూలమైన బండిలోనే బయల్దేరాం. నేను నడిపాను. వాళ్ళిద్దరూ చెరో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. దారిలో గుంత వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ ఒక్కసారే "మెల్లిగా రా!" అన్నారు.

గుడి దగ్గర దిగాక, ప్రమాణానికి ముందు టీ తాగవచ్చా అని ఖాదరన్నకు సందేహం వచ్చింది. మామ కాసేపు ఆలోచించి, "టీ గురించి ఎవురూ ఏమీ చెప్పినట్టు లేదే" అన్నాడు. మేం టీ తాగుతుండగా, గుడివైపు ముఖం పెట్టి నిలిపిన బండి ముందు కుడిమూల మెల్లగా, ఎంతో వినయంగా వంగింది.

గరిక అమ్ముకునే ముసలమ్మ ఒకామె చూసి కేక పెట్టింది. "సామీ! బండి దండం పెడతా ఉండాది సూడండి!" పదిమంది మూగారు. ఆమె ఒక గరిక కట్ట తెచ్చి బానెట్ మీద పెట్టింది. మామ గ్లాసు పట్టుకునే పరుగెత్తాడు.

"భక్తి కాదు తల్లీ, లీకు."

"ఏదైతే ఏమిలే నాయనా, వంగింది గదా. మనుసులే వంగడం లేదు."

మామ బండి తలుపు తెరిచాడు. సీటు కింద నుంచి కుంకుడు రసం సీసా తీశాడు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ బండికి అభిషేకం అనుకుంటుండగా, కింద పడుకుని ముందు ఖాదరన్న బిగించిన నట్టు మీద పోశాడు. బుడగ లేదు. ఇంకోసారి పోశాడు. లేదు. ఖాదరన్న చేతులు కట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. మామ పైపు వెంబడి పోసుకుంటూ ముందుకు జరిగాడు. బంపరు వెనక ఒకచోట నురగ పొంగింది.

అక్కడ గాలిపైపుకు ఒక ఇనుప తీగ చుట్టి ఉంది. తీగ చివర నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

బండికి దిష్టి తగలకూడదని అమావాస్య అమావాస్యకూ ఆ దండ మార్చి కట్టేది మామే. కట్టడానికి వీలుగా చేతికందిన నల్ల గొట్టం ఏదో ఒకటి పట్టుకున్నాడు. మార్చినప్పుడల్లా తీగ మెలితిప్పి, మెలితిప్పి, చివరికి పైపుకు సూదిమొనంత చిల్లి పెట్టాడు. ఖాదరన్న వంగి చూశాడు. ఏదో అనబోయి మానుకున్నాడు. ఆయన నిగ్రహానికి ఇప్పటికీ నమస్కరిస్తాను. నేనైతే ఊరుకునేవాణ్ణి కాదు, ఊరుకోలేదు కూడా.

మామ లేచి పంచె దులుపుకుని, "ఖాదరూ, నువ్వీడనే ఉండు" అని లోపలికి వెళ్ళాడు. కాసేపటికి తల నుంచి నీళ్ళు కారుతూ తిరిగొచ్చాడు.

"ఏమన్నా ఇది?" అన్నాడు ఖాదరన్న.

"ప్రమాణం చేసొచ్చినా. ఇంకమీదట కుంకుడు రసం పోయకుండా మనిషిని అనుమానించనని."

"నింద మోసింది నేను, తడిసింది నువ్వు. ఇదేం న్యాయమన్నా?"

"తప్పు చేసినోడే గదప్పా తడవాల్సింది."

ఖాదరన్న భుజం మీది తువ్వాలు తీసి ఆయన తల తుడిచాడు. తర్వాత పైపు తెగ్గోసి అతుకు వేశాడు. దిష్టి దండను నంబరు ప్లేటుకు మార్చాం. దిష్టి దండ మానేయొచ్చు కదా అంటే, "అది వేరే డిపార్ట్‌మెంటు" అన్నాడు మామ.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం రాక, నా మీద నేనే జోకులు వేసుకుంటూ తిరుగుతున్న రోజులవి. మనం జోకు వేస్తే ఇతరులకు వేసే అవకాశం ఉండదు కదా. ఒకరోజు మామ తాళం చెవి నా చేతిలో పెట్టి, "మీ అత్తను తిరుపతి పిలుచుకుపో. నాకు రాత్రిళ్ళు కండ్లు సరిగా కనపడ్డం లేదు" అన్నాడు. మేం వెళ్ళేది పొద్దున. ఆ సంగతి గుర్తుచేస్తే, "మరి పొద్దున అలవాటు చేసుకుంటే గదా రాత్రి తోలేది" అన్నాడు. ఆ తర్వాత పనిలేనివాడని నన్నెవరూ అనలేదు. ఉద్యోగం వచ్చేదాకా నన్ను నిలబెట్టింది ఆ తాళం చెవి. ఈ మాట ఆయనకు చెప్పలేదు. చెబితే, "నిలబెట్టేది కంప్రెసరురా" అని ఉండేవాడు.

బెలూన్ మార్చడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందులో కీలకం ఒక్కటే. కొత్త బెలూన్ పెట్టాక వెంటనే జాకీ దించకూడదు. ముందు గాలి నింపాలి, బెలూన్ గుండ్రంగా విచ్చుకోవాలి, ఆ తర్వాతే బండి బరువు మెల్లగా దాని మీదికి రావాలి. "కాలీగా ఉండేదాని మీద బరువు పెట్టొద్దు" అని ప్రతిసారీ చెప్పేవాడు. ఆయన పోయాక వచ్చినవాళ్ళంతా అత్త మీద ఇల్లు, పొలం, పింఛను కాగితాల ముచ్చట్లు వరసగా దించుతుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చింది. అందర్నీ కాసేపు వాకిట్లోకి తోలాను. బెలూన్ల సూత్రం చెప్పలేదు, కాఫీ ఉందని చెప్పాను.

పెద్దకర్మ అయిన మరునాడు మామ కొడుకు భాస్కర్ బావ అసలు మాట తెచ్చాడు. బావ చిత్తూరులో సిమెంటు వ్యాపారం చేస్తాడు. మెత్తని వస్తువుల మీద ఆయనకు నమ్మకం తక్కువ. వెనక బెలూన్లు రెండూ అప్పటికి పూర్తిగా పోయాయి, బండి నేలకు అంటుకుపోయి ఉంది.

"స్ప్రింగులేయించి అమ్మేద్దాం. నాయన ఉన్నాడు గాబట్టి నడిచింది. రేపు దోవలో కూలబడితే అమ్మను ఎవురు ఎత్తుకొస్తారు?"

ఆ మాటలో తప్పులేదు. అత్త "మీ ఇష్టం నాయనా" అని లోపలికి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ తిరుపతి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. ఆమె ఆ మంచం పట్టీ పట్టుకోవడం నేను చూశాను.

ఖాదరన్నకు ఫోన్ చేశాను. పొద్దున్నే వచ్చాడు. మామ పోయేముందే తెప్పించి పెట్టిన కొత్త వెనక బెలూన్ల జత బీరువా మీద ఉంది. డబ్బా మీద పసుపు, కుంకుమ. బావతో ఖాదరన్న ఒకటే అన్నాడు: "ఇవి వేసి రేపటిదాకా నిలబెడతాం. రేపు నువ్వే వచ్చి సూడు. ఒక్క వేలు కుంగినా నేనే స్ప్రింగులు వేసిస్తా."

ఇద్దరం కిందికి దూరాం. పాత బెలూన్లు ఊడదీస్తే రబ్బరు ఎండిన అప్పడంలా చేతికి రాలింది. కొత్తవి పెట్టి, గాలి నింపి, విచ్చుకున్నాయని చూసుకుని, అప్పుడు జాకీ దించాం. కుంకుడు రసం అడగడానికి వెళ్తే అత్త అప్పటికే గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తిట్టలేదు. అంతమంది సానుభూతి మాటలను తట్టుకున్నవాణ్ణి ఆ తిట్టకపోవడాన్ని తట్టుకోలేకపోయాను. ఖాదరన్న నట్ల మీద రసం పోస్తూ, నా ముఖం చూసి, "కంట్లో పడిందా?" అన్నాడు. పడిందన్నాను. ఒక్క బుడగ లేవలేదు, నట్ల దగ్గర.

మరునాడు పొద్దున బావ వచ్చాడు. బండి నిటారుగా ఉంది. ఆయన వంగి వెనక చక్రం మీద వేళ్ళు పెట్టి చూశాడు. ఆ పద్ధతి ఆయనకు తెలుసని నాకు తెలియదు. నాలుగు వేళ్ళు పట్టాయి. తీయకుండా కాసేపు అలాగే ఉంచాడు.

"సరే, ఉండనీ" అన్నాడు చివరికి. "ఎవురు సూసుకుంటారు?"

"నేను."

"నువ్వా!" అని ఖాదరన్న వైపు చూశాడు. ఖాదరన్న, "కుంకుడు రసం పోసే సూడు భాస్కరా, అనుమానించేముందు" అన్నాడు.

అంతా శుభం అనుకుంటే కొత్త చిక్కు వచ్చింది. ఇన్నాళ్ళూ లీకు పుణ్యమా అని పొద్దున్నే వెనక భాగం కిందికి వాలి ఉండేది, తిరుపతి పోయే రోజు బండిని లేపకముందే అత్త సులువుగా ఎక్కేది. ఇప్పుడు లీకు లేదు, బండి వాలదు. ఆమె తలుపు పట్టుకుని, "వంగమనరా దాన్ని" అంది. వంగదు. ఎత్తు తగ్గించే బటన్ ఒకటి అందులోనే ఉందని ఖాదరన్న చూపించాడు. ఇన్నేళ్ళలో దాన్ని నొక్కే అవసరం మాకెప్పుడూ రాలేదు.

చంద్రగిరి దగ్గర అద్దంలో చూశాను. అత్త నిద్రపోతోంది. ఆస్పత్రి గేటు వచ్చింది. డాక్టరు ఉండే వేళే. గేటు దాటించాను.

రేణిగుంటలో ఆమెకు మెలకువ వచ్చింది. "యాడికొచ్చినాంరా?"

"రేణిగుంట అత్తా."

కిటికీలోంచి బయటికి చూసింది. "నువ్వూ అంతేనా" అని, కొంగు సర్దుకుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

చెంగల్రాయులు మామ లేని లోటు తీరనిది. అది రాయకుండా ఈ వ్యాసం ముగియదు, మర్యాదకు రాసినా అది అబద్ధం కాదు. ఘాట్ రోడ్డు మీద ఆయన క్షేమంగా దించిన వేలాదిమందికి ఆయన పేరు తెలియదు. వాళ్ళందరి తరఫున, వెనక సీట్లో నిద్రపోయిన ఒకరి తరఫున, ముందు సీటు దొరికిన నా తరఫున ఆయనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఒక సంగతి. ఆయన సీటు కింద వదిలి వెళ్ళిన సీసాను జ్ఞాపకంగా దాచుకుందామని మూత తీశాను. కుంకుడు రసం నిలవ ఉండదు, రెండో రోజుకే కంపు కొడుతుంది. ఏ పూటకాపూట పిసుక్కోవాలి.